నాగరత్నకు లేని మేనమామ

కొన్నేండ్లుగా ఒక మాట నా గొంతులో రేగ్గింజ మాదిరి అడ్డంగా ఉండాది. మింగుడు పడదు, ఉమ్మేద్దామంటే ధైర్యం చాలదు. ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఉన్నదున్నట్టు చెప్పిన పాపాన నేనెప్పుడూ పోలేదు.

నేను పెనుకొండ బస్టాండులో మైకు పట్టుకొని బస్సుల పేర్లు పిలిచినవాణ్ణి. నా గొంతు వింటే బెంగుళూరు బస్సు కూడా హైవే దిగి లోపలికొచ్చేదని చెప్పుకుంటా ఉంటాను. అబద్ధం. ఆ మైకు సగం రోజులు పలికేదే కాదు. చూసినావా, తప్పు ఒప్పుకుందామని కూర్చున్నా ముందు గొప్పే వచ్చింది.

ధర్మవరంలో నాగరత్న అని ఒకామె ఉంది. మగ్గం నేసేవాళ్ళ బిడ్డ. ఫోనులో చిన్న చిన్న నవ్వులాటలు చేసి పెడుతుంది. అత్తా తనే, కోడలూ తనే, బస్సు కండక్టరూ తనే, కిటికీ సీటు కోసం వాడితో కొట్లాడే ముసలవ్వా తనే. వేషాల పెట్టె ఏమీ లేదు, ఒక్క తువ్వాలు. తలకు చుడితే కూలిమనిషి. భుజాన వేస్తే భూములున్న పెద్దమనిషి. నడుముకు కడితే ఆ పెద్దమనిషి ముందర నిలబడినవాడు. మా పక్క తువ్వాలు యాడుంటే మనిషి విలువ ఆడుంటుంది. ఆ సంగతి అంత బాగా పట్టుకున్నవాళ్ళను నేను చూడలేదు. మా ఇంటామె పోయినాక నన్ను మళ్ళీ కండ్లనీళ్ళు వచ్చేదాకా నవ్వించింది ఆయమ్మే. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

ఇష్టముంటే చూసి నవ్వుకుని ఊరుకోవచ్చు కదా? నాకు చాలలేదు. ఆ వెలుగు కొంచెం నా మీద కూడా పడాల. టీ అంగట్లో ఒకరోజు ఆ పిల్ల నాకు మేనకోడలు అన్నాను. నమ్మినారు. నమ్మినారు కాబట్టి మరుసటి రోజు ఇంకొంచెం పెంచినాను. నన్నడగనిదే ఏ వేషమూ కట్టదన్నాను.

అప్పుడే ఒక కొత్త వీడియో వచ్చింది. భుజాన తువ్వాలేసుకున్న రైతు. మంచాన్ని తువ్వాలతో పటపటా దులిపి కూర్చుంటాడు. కూలోళ్ళు మజ్జిగ అడిగితే చెవుడు. నాలుగిండ్ల అవతల ఎవరో "అన్నానికి రాండప్పా" అంటే మాత్రం దిగ్గున లేస్తాడు. టీ అంగడంతా పడిపడి నవ్వింది. ఆ నవ్వు నాకే వచ్చినట్టు మీసం దువ్వుకున్నాను. ఆ దులుపుడు ఎవరిదనుకుంటాండారు అని, రొళ్ల తట్టు ఉండే ఒక పెద్ద రైతు పేరు చెప్పినాను. నేనే నేర్పించినానన్నాను.

ఆ మనిషిని దూరం నుంచి ఒకసారి చూసినానంతే. మంచం దులపకుండా కూర్చునే రైతు మా సీమలో ఎవడు? కానీ నేను పేరు పెట్టినాక అది ఆయన దులుపుడే అయిపోయింది.

ఆ మాట రొళ్ల దాకా పాకింది. కొన్నాళ్ళకు ఆయన కొడుకు జీపు దిగి టీ అంగడికే వచ్చినాడు. వాడు నా భుజం మీద చెయ్యేసి, ధర్మవరం పోయొచ్చినామన్నాడు. నాగరత్న నాయన మగ్గం గుంతలో నుంచి లేచి, భుజం మీది తువ్వాలు తీసి నడుముకు కట్టుకొని, తన బిడ్డల వయసోళ్ళ ముందర చేతులు జోడించి నిలబడినాడంట. ఆయమ్మ గడపలో నిలబడి చూస్తా ఉండిందంట.

"నీ మేనకోడలు కాబట్టి మాటలతోనే ఇడిచిపెట్టినాం పెద్దాయనా," అన్నాడు.

నేనేం చేసినాను? నవ్వినాను. వాడికి టీ చెప్పినాను.

ఆ వీడియో తీసేసినారు. ఆ తరువాత ఆయమ్మ తువ్వాలు ముట్టలేదు, మగవేషం కట్టలేదు. అత్తాకోడండ్లే మిగిలినారు. జనం ఇప్పటికీ నవ్వుతారు. నాకు మాత్రం ఆ నవ్వులో లేనివాళ్ళే కనబడతారు, ఆ కూలోడు, ఆ కండక్టరు, ఆ చెవిటి రైతు. నేను అంత మురిసిపోయిన విద్యను సగానికి నరికింది నా నాలుకే. మురిసిపోయింది ఆయమ్మను చూసా, ఆయమ్మ పక్కన నన్ను నేను ఊహించుకునా? ఇంత వయసొచ్చినా జవాబు తెలియదు.

ఆయమ్మ హిందూపురంలో బట్టల అంగడి తెరవడానికి వస్తాందని విని బస్సెక్కినాను. చెప్పేయాలనే పోయినానని అనుకుంటా ఉంటాను. దగ్గర నుంచి చూడాలనే పోయినానేమో. జనం పలచబడినాక ఆయమ్మే పలకరించింది.

"ఏం తాతా, యాడి నుంచి వచ్చినావు?"

"పెనుకొండమ్మా."

ఆయమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది. "పెనుకొండలో నాకొక మేనమామ ఉండాడంట తాతా. బస్సుల పేర్లు పిలిచినాయనంట. మా ఇంటి మీదికొచ్చినోళ్ళే చెప్పినారు. మాయమ్మకు అన్నదమ్ములే లేరు, ఈయన యాడ పుట్టుకొచ్చినాడో! నీకేమన్నా తెలుసా?"

నా నాలుక దానంతటదే తిరిగింది. "తెలుసమ్మా. ఆయన పోయినాడు."

"అయ్యో! నేను దినామూ ఆయన్ను తిట్టుకుంటా ఉంటి. మా నాయన ఈ పొద్దుటికీ భుజాన తువ్వాలు వేసుకోడు తాతా. సరేలే, పోయినోళ్ళ మీద కోపమెందుకు. యాడున్నా చల్లగా ఉండనీ."

అని చేతులు జోడించింది. నాకే.

తిరుగు బస్సులో పెనుకొండ దాకా కిటికీ ఊచ వదల్లేదు. అప్పటి నుంచి గుండెలో కొంచెం పట్టేసినా, నేనన్న మాటే నిజమవుతాందని చెమటలు పడతాయి. తెలియని నంబరు మోగితే ఫోను దిండు కింద పెడతాను.

ఇప్పుడు ఆయమ్మ పెనుకొండకే వస్తాంది, ఈ ఆదివారం, ఒక బడి వార్షికోత్సవానికి. "ఏమప్పా, మేనకోడలితో మాకూ ఒక ఫోటో ఇప్పియ్యాల," అని టీ అంగట్లో అందరూ కాచుకోనుండారు. ఊరు విడిచి పోదామా? జ్వరమని పడుకుందామా? పడుకుంటే, మీ మామకు బాగలేదమ్మా అని ఆయమ్మనే నా ఇంటికి పిలుచుకొస్తారు. చచ్చినోడు మంచం మీద కండ్లు తెరిచి చూస్తా ఉంటాడు.

ఆయమ్మ క్షమించింది చచ్చినోణ్ణి. నేను బతికే ఉండాను. అందులో నాకు వాటా లేదు.

ఆదివారం నిలబడి నిజం చెప్తానని రాయొచ్చు. రాస్తే అది మళ్ళీ గొప్పే. తెలిసింది ఒక్కటే రాస్తాను. నేను నాగరత్నకు మేనమామను కాను. ఏమీ కాను. ఈ మాట ఇంతవరకు నోటితో అనలేదు, చేత్తో రాయలేదు. గొంతులో గింజ కొంచెం కదిలింది.