హాకీ కర్రల క్రార్

కెనడాలో, కిచెనర్ ఊళ్లో మా బేస్‌మెంట్ టబ్బులో నానుతున్న మేకతోలు కంపుకు మా అమ్మాయి ముక్కు మూసుకుని, "మామ్, ఇట్ స్టింక్స్" అంటూ మెట్లెక్కి పోయింది. నాకు మాత్రం ఆ కంపు చిన్నప్పటి ఎడ్మంటన్‌దే.

మా డూప్లెక్స్‌లో గోడకు అవతలి ఇల్లు సెలామ్ ఆంటీది. ఇథియోపియా నుంచి తెచ్చుకున్న క్రార్, అంటే ఒళ్లో పెట్టుకుని మీటే తీగల వాయిద్యం, విమానం దిగేసరికి పెట్టెలోనే విరిగిపోయిందట. అది మోగకపోతే తనకు ఈస్టర్ పండుగే కాదని ఆమె దిగులుపడుతుంటే, ఒకప్పుడు కాకినాడ చర్చిలో హార్మోనియం వాయించిన మా అమ్మ ఊరుకోలేక, మనమే చేద్దామంది.

ఆ చలికాలమంతా, ఆంటీ పెనం మీద వేయించే కాఫీ గింజల పొగా, అమ్మ పెసరట్ల అల్లం ఘాటూ, తడితోలు వాసనా కలగలిసిన మా గ్యారేజ్‌లో, పాత సామాన్ల షాపులో దొరికిన చెక్క గిన్నెకు రెండు విరిగిన హాకీ కర్రలు చేతుల్లా నిలబెట్టి, వాటి మీద చీపురు కర్ర అడ్డంగా కట్టి, గిన్నె మూతికి తోలు బిగించేవారు. హీటర్ వేడికి అది ఎండి టప్పున చిట్లేది. అమ్మ విసుక్కుంటూ ఇంకో ముక్క నానబెట్టేది. కారు బయటే పెట్టుకోవలసి వచ్చిన నాన్న రోజూ అద్దాల మీద మంచు గీక్కుంటూ సణిగేవారు. చివరికి హీటర్ ఆపేసి, తడిగుడ్డ కప్పి, మెల్లగా ఆరనిస్తే తోలు నిలిచింది.

అడ్డకర్రకు చుట్టిన గుడ్డ పీలికల మీద తీగలు కట్టి, ఆ పీలికలు తిప్పుతూ ఆంటీ శ్రుతి చేసేది. అమ్మ చెవికి ఒక తీగ ఎప్పుడూ దిగినట్టే ఉండేది. ఆమె దాన్ని మోహనరాగానికి ఎక్కించేది, ఆంటీ నవ్వుతూ మళ్లీ దించేది. తమ ఇంట్లో అలాగే పాడతామనేది. వాళ్ల ఈస్టర్ నాడు, పుల్లటి ఇంజెరా అట్లు, కారంకారంగా కోడికూర తిన్నాక, ఆంటీ దించుకున్న శ్రుతిలోనే పాడుతుంటే, ఒక్క ముక్క అర్థంకాని అమ్మ పక్కన కూర్చుని తాళం వేసింది.

తర్వాత కాల్గరీ వెళ్లిపోయిన ఆంటీ కిందటేడాది పోయింది. ఆ క్రార్ ఏమైందో ఆమె కొడుక్కే తెలియదట. అందుకే ఈ పని నెత్తినేసుకున్నాను. నా తోళ్లూ వరసగా చిట్లాయి. ఎట్టకేలకు ఒకటి నిలిచాక తీగలు కట్టి, అమ్మకు వీడియో కాల్ చేసి, ఆంటీ శ్రుతి పాడమన్నాను. అమ్మ కళ్లు మూసుకుని పాడింది. మోహనమే.

"అది నీదమ్మా. ఆవిడది కావాలి."

అమ్మ మళ్లీ మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. "ఎంత తల్చుకున్నా నాదే వస్తుందే."

ఇంటర్నెట్‌లో క్రార్ శ్రుతులకు కొదవలేదు. వాటిలో ఆంటీది ఏదో చెప్పేవారే లేరు. క్రార్‌ను అమ్మ మోహనానికే శ్రుతి చేసి, అప్పట్లో ఆంటీ దించే తీగను కాస్త దించాను. ఎంతవరకు దించాలో తెలియక, విసుగొచ్చి, మళ్లీ బిగించాను.