నంబరు మీద పసుపు

మా బాబాయి ప్రతి ఉదయం వ్యాను ఎక్కే ముందు డీజిల్ ట్యాంకును వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి వింటాడు. డీజిల్ ఎంతుందో చూపే ముల్లు పనిచేయడం ఎప్పుడో మానేసింది. ఆ చప్పుడే ఆయనకు కొలత.

"దాని కడుపు సంగతి రోజూ వింటావు. నా కడుపు సంగతి ఒక్కనాడైనా విన్నావా?" అంటుంది పిన్ని, టిఫిను డబ్బా అందిస్తూ.

"నీది వినక్కర్లేదే, అదే అరుస్తుంది!"

మా వీధి పిల్లలు బడికి వెళ్ళేది ఆ వ్యానులోనే. బడి గుట్టకు అవతల ఉంది, అటు బస్సు తిరగదు. నేను పదో తరగతి చదివే ఏడాది డీజిల్ ధర కొండెక్కి కూర్చుంది. పిల్లల ఇళ్ళల్లో ఎక్కువ అడగడానికి బాబాయికి నోరు రాలేదు. వ్యాను అమ్మేద్దామనుకున్నాడు. అప్పుడే ప్రభుత్వం బడి వాహనాలకు డీజిల్ మీద పన్ను తగ్గించింది. అది దక్కాలంటే గడువులోగా బండికి పసుపు రంగు వేసి, రవాణా కార్యాలయంలో చూపించాలి.

ఊళ్ళో బళ్ళన్నీ రంగుకు ఎగబడ్డాయి, పెయింటరు దొరకలేదు. గడువు ముందురోజు బాబాయీ పిన్నీ తామే కుంచెలు పట్టారు. ముందు భాగం ఆయనది, వెనక భాగం పిన్నిది. ఏ పని పట్టినా మూల కూడా మిగల్చదు మా పిన్ని.

మర్నాడు కార్యాలయం ఆవరణలో ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరుగుతూ వెనక ఆగిపోయాడు.

"నంబరేదయ్యా?"

నంబరు ప్లేటు నిగనిగలాడుతోంది, పసుపుపచ్చగా.

"బండంతా పసుపే ఉండాలన్నారు కదండీ!" అంది పిన్ని.

ఇన్‌స్పెక్టరుకు నవ్వు ఆగలేదు. "నయమమ్మా, మీ ఆయన అడ్డంగా నిలబడలేదు! నంబరు కనబడకపోతే నేను సంతకం పెట్టకూడదు. ఇవాళ దాటితే నా చేతిలోనూ ఉండదు." లోపలికి వెళ్ళి పాత గుడ్డ, కిరసనాయిలు సీసా తెచ్చిచ్చాడు. "గేటు మూసేలోగా తుడవండి, నేనిక్కడే ఉంటా."

రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. పిన్ని రుద్దింది, అంకెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, ఆయన సంతకం పెట్టాడు. నేను బడి మానలేదు.

"పన్ను తగ్గించినవాళ్ళని నేను చూడలేదు, సీసా ఇచ్చినాయన్ని చూశాను. అందరూ చల్లగా ఉండాలి," అంటుంటాడు బాబాయి.

ఆయనకిప్పుడు అరవై దాటాయి. ఈ ఉదయం కూడా పిల్లల్ని బడి దగ్గర దించి వచ్చాడు.