ఎడమకు లాగే విమానం

పోతిరెడ్డిపల్లి లారీ డ్రైవర్ పోచయ్య కూతురు సంగమ్మ. తండ్రి పక్కన కూర్చుని లారీ నడపడం నేర్చుకుంది. తొంభైల్లో, కాలేజీలో ఎన్‌సీసీలో చేరాక, లక్డారం అవతలి ఎర్రమట్టి రన్‌వే మీద విమానం నేర్చుకునే అవకాశం వచ్చింది. తోక కింద చిన్న చక్రం ఉన్న పాత రెండు సీట్ల విమానం అది. నేర్పేది చలపతిరావు, కాకినాడ వైపు మనిషి.

ఇంజను వేగం పెంచే థ్రాటిల్ తోయగానే విమానం ముక్కు ఎడమకు తిరిగేది. సంగమ్మ చేతిలోని కంట్రోల్ కర్రను స్టీరింగులా కుడికి వంచేది. విమానం వినేది కాదు.

"చేతులు కాదమ్మా, కాళ్లు!" అని అరిచేవాడు చలపతిరావు. "ముక్కు మీది పంకా కుడికి తిరుగుతుంటే విమానం ఎడమకు ఒరుగుతుంది. పంకా విసిరే గాలి మెలికలు తిరిగొచ్చి తోకను ఎడమవైపు నుంచి కొడుతుంది. తోక కుడికి పోతే ముక్కు ఎడమకే కదా? కుడి పెడల్ తొక్కు. తోక లేచేటప్పుడు ఇంకోసారి లాగుతుంది, అప్పుడు ఇంకాస్త తొక్కాలి."

ఒక ఉదయం ఆయన విమానం దిగిపోయాడు. "ఈసారి ఒక్కదానివే వెళ్లు. నా బరువు ఉండదు, త్వరగా పరుగందుకుంటుంది. తొందరపడి తోక లేపకు."

కంచె బయట పోచయ్య లారీ ఆపుకుని చూస్తున్నాడు.

విమానం అనుకున్నదానికంటే వేగంగా కదిలింది. సంగమ్మ కంగారుగా కర్ర ముందుకు తోసింది. తోక ఒక్కసారిగా లేచింది, ముక్కు ఎడమకు విసిరినట్టు తిరిగింది. ఎదురుగా రన్‌వే అంచున నీళ్ల ట్యాంకరు! కుడి పెడల్ అడుగుదాకా తొక్కి, థ్రాటిల్ వెనక్కి లాగేసింది. ఇంజను తగ్గగానే ఎడమకు లాగే బలం పోయింది, కాలు మాత్రం అలాగే ఉంది. విమానం గిర్రున కుడికి మళ్లింది. కాలు తీసి రెండో పెడల్ తొక్కేసరికి జొన్నచేను అంచున ఆగింది. చుట్టూ దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

పోచయ్య కంచె దూకి పరుగెత్తుకొచ్చాడు. "ఇగ సాలు బిడ్డా, దిగు. ఇంటికి పోదాం."

చలపతిరావు వచ్చి రెక్కలు, చక్రాలు తడిమి చూశాడు. ఏమీ కాలేదు. "ఏమైంది?" అన్నాడు.

"తోక జల్దీ లేపిన సార్. ఇంజను తగ్గించినంక గూడ కుడికాలు తియ్యలే."

"మళ్లీ వెళ్తావా? ఇవాళ వద్దన్నా నేనేమీ అనుకోను."

సంగమ్మ తండ్రి వైపు చూసింది. "పోత నాయినా. గిప్పుడు పోకుంటె ఇగ ఎన్నడు పోను."

పోచయ్య రెక్క మీద నుంచి చెయ్యి తీసి పక్కకు జరిగాడు.

ఈసారి థ్రాటిల్ నెమ్మదిగా తోసింది. ఇంజను మోత పెరిగిన కొద్దీ కాలి బరువూ పెంచింది. తోకను దానంతట అదే లేవనిచ్చింది. గుంజుడు మొదలవుతుండగానే కాలు ఇంకాస్త నొక్కింది. ట్యాంకరు ఎడమ పక్కగా వెనక్కి పోయింది. చక్రాల దడదడ ఆగిపోయింది. పైకెక్కేంతసేపూ కాలు సడలించలేదు.

ఒక చుట్టు తిరిగి, నేల మీద రెండు గంతులేయించి దించింది. దిగి అక్కడే కూర్చుండిపోయింది. పోచయ్య నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"పైనకెల్లి మన ఊరు కానొచ్చిందా బిడ్డా?"

"ఏడ సూసిన నాయినా! రన్‌వే దప్ప ఏం సూడలే."

లైసెన్సు వచ్చాక తండ్రిని పక్క సీట్లో ఎక్కించుకుంది. గాల్లోకి లేచాక ఇస్నాపూర్ ఊరు దాటేదాకా పోచయ్య కళ్లు తెరవలేదు.