పుస్తకం చదివి అన్నం మానేసిన మా నాన్న

ముందే ఒప్పేసుకుంటాను: నేను పెంచి చెబుతాను. మా ఊళ్లో బిష్టుపూర్‌లో చినుకు పడితే, పక్కనున్న సాక్చీ చేరేలోపు నా నోట్లో అది వరదైపోతుంది. నేను చెప్పే ఏ అంకెనైనా మా ఆవిడ నాలుగుతో భాగించుకుని వింటుంది. మీరూ అలాగే చదవండి. పెంచడం ఒకటి, లేనిది పుట్టించడం ఒకటి. ఇందులో పుట్టించింది ఎక్కడుందో చివర్లో నేనే చూపిస్తాను.

బీహారు ఇంకా రెండు ముక్కలు కాని రోజులు. జంషెడ్‌పూర్‌లో నా డిగ్రీ మొదటి సంవత్సరం. బీయెస్సీ వాళ్లందరికీ పోషకాహారం అని ఒక పేపరుండేది. దానికో పాఠ్యపుస్తకం. అది ఎంత లావంటే, టెంపోలో నా పక్క సీటు దానికే సరిపోయేది. డ్రైవరు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇస్కా భీ భాడా లగేగా" అని దానికీ కిరాయి అడిగేవాడు.

ఆ పుస్తకాన్ని ఎంచి తెచ్చింది మా మేడమ్. కొత్తగా చేరారు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అంతకుముందు క్లాసులో డిపార్టుమెంటు హెడ్డుగారి నోట్సే నడిచేది. మొగలుల కాలంలో రాసిన నోట్సు అది. విటమిన్లు అప్పటికింకా పూర్తిగా పుట్టలేదు. మేడమ్ దాన్ని అటకెక్కించి పుస్తకం పెట్టించారు. హెడ్డుగారు ఏడాదంతా పళ్లు నూరి, చివర్లో ఒక ఉత్తర్వు తీశారు. విద్యార్థులందరూ పుస్తకం మీద అభిప్రాయం రాసి, కింద పేరు పెట్టి ఇవ్వాలి. అభిప్రాయాలు బాగుంటే పుస్తకం ఉంటుంది, మేడమూ ఉంటారు. బాగోకపోతే రెండూ ఉండవు. ఈ రెండో సంగతి, కాగితాలన్నీ ఇచ్చేశాక ఆఫీసు గుమాస్తా చెబితే తెలిసింది.

తెలియదు కనుక అందరం చెలరేగిపోయాం. సీతారాండేరా నుంచి వచ్చే బెంగాలీ కుర్రాడు, పప్పులకి పదకొండు పేజీలిచ్చి చేపకి అరపేజీ ఇచ్చినందుకు రచయిత మీద జాలిపడ్డాడు. గోవింద్‌పూర్ అమ్మాయి, బొమ్మలన్నీ నలుపు తెలుపుల్లో ఉండటం వల్ల తనకి పాలకూరకీ మటనుకీ తేడా తెలియడం లేదంది. ఒకడు పుస్తకం ప్రకారం కప్పుతో కొలవడానికి కూర్చుంటే, వాళ్లింట్లో ఏడు సైజుల కప్పులున్నాయట. ఏ కప్పో రచయిత వచ్చి చూపించాలన్నాడు. హాస్టలు వాడు పుస్తకం చాలా ఉపయోగకరమని రాశాడు, అన్నం వార్చేటప్పుడు మూత మీద పెడితే కదలదట. వెనక బెంచీ సంథాలీ అమ్మాయి మాత్రం రెండే వాక్యాలు రాసింది: "మా ఇంట్లో తినే ఆకులు ఒక్కటీ ఈ పట్టికల్లో లేవు. మరి ఇన్నాళ్లూ మేం తిన్నదేమిటి?"

అది చదివి నాకు అసూయ పుట్టింది. నాది దాన్ని మించాలి.

పుస్తకంలో ఒక పట్టిక ఉండేది. ఎవరికెంత తిండి కావాలో తేలిక పని, మధ్యరకం పని, బరువు పని అని మూడు వరసలుగా రాసి ఉంటుంది. కూర్చుని చేసేదంతా తేలిక పనే. మా నాన్న కార్ఖానాలో క్రేన్ ఆపరేటరు. ఎక్కడో ఆకాశంలో కేబిన్‌లో కూర్చుని, కరిగిన ఉక్కు నిండిన బకెట్లు ఎత్తి దించుతాడు. ఈ సంగతి అంతకు నెల ముందు, అగ్రికోలో మా క్వార్టర్లో ఆయన అన్నం కలుపుకుంటుండగా చదివి వినిపించాను.

"ఏటీ? నాది తేలిక పనా? రోజుకి వెయ్యి టన్నులెత్తుతన్నాన్రా నాను!"

"నువ్వు కాదు నాన్నా, క్రేన్ ఎత్తుతోంది."

"మరి క్రేన్ని ఎవుడాడిత్తన్నాడు? నీ పుస్తకమా?"

అమ్మ గరిటె ఊపింది. "ఓలమ్మ! ఆ రాసినోడ్ని ఓపాలి మే నెల్లో ఆ కేబినెక్కించండి. అన్నం అడగడు, గంగాజలం అడుగుతాడు." ఆ కోపంలో ఆవిడ ఇంకో రెండు గరిటెలు వడ్డించింది, ఈ కోపంలో ఆయన ఇంకో రెండు గరిటెలు తిన్నాడు.

నేను మాత్రం ఇలా రాశాను: "ఈ పుస్తకం చాలా శక్తివంతమైనది. తనది తేలిక పని అని ఇందులో తేలాక మా నాన్నగారు మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు క్రేన్ మెట్లెక్కుతుండగా కళ్లు తిరిగాయి."

హెడ్డుగారికి లాటరీ తగిలింది. మంగళవారం గుమాస్తా నన్ను వరండాలో ఆపి, మేడమ్ సంగతి అప్పుడు చెప్పి, శనివారం పదకొండింటికి మీ నాన్నని తీసుకురమ్మన్నారన్నాడు.

ఆ నాలుగు రోజులూ నాకు కాలు నిలవలేదు. సైకిలేసుకుని అగ్రికో నుంచి సీతారాండేరాకీ, అక్కణ్నుంచి మళ్లీ అగ్రికోకీ తిరిగాను; ఆ తొక్కుడికి సుబర్ణరేఖ నది పొడుగునా వెళ్లి సముద్రం చూసి రావచ్చు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికో తెలిసేది కాదు. పుస్తకం తెరిస్తే ఆ పట్టిక దగ్గరే తెరుచుకునేది. గురువారం ధైర్యం చేసి స్టాఫ్‌రూములోకి వెళ్లాను, నిజం చెప్పేద్దామని. మేడమ్ పేపర్లు దిద్దుతున్నారు. నన్ను చూడగానే కలం కింద పెట్టి, హిందీలో, చాలా మెల్లగా అడిగారు.

"నాన్నగారు ఎలా ఉన్నారు? ఇప్పుడు అన్నం తింటున్నారా?"

ఆవిడ నమ్మేశారు! కోపంగా అడిగినా చెప్పేసేవాణ్నేమో. "బాగానే ఉన్నారు మేడమ్" అని గుమ్మం తన్నుకుంటూ బయటపడ్డాను.

నాన్నకి కాలేజీకి రమ్మన్నారని మాత్రమే చెప్పాను; ఎందుకో శనివారం స్కూటరెక్కేదాకా చెప్పలేదు. పెళ్లిళ్లకి వేసే తెల్లచొక్కా వేసుకున్నాడు. సాక్చీ గోలచక్కర్ రౌండు దాటాక అడిగాడు.

"ఏట్రా, ఫెయిలయ్యావా?"

"నహీ."

"ఎవుళ్నేనా కొట్టావా?"

"కొట్టలేదు. రాశాను."

చెప్పాను. స్కూటరు రోడ్డు పక్కకి పోయి ఆగింది.

"నాను అన్నం మానీసినానా? మూడ్రోజులా? టైఫాయిడొచ్చినప్పుడు కూడా మాన్నేదు కదరా!"

"అబద్ధమని చెప్పెయ్ నాన్నా. లేకపోతే మేడమ్ నౌకరీ పోతుంది."

"నాను అబద్దమంటే నిన్నేటి సేత్తారు?"

"తిడతారు. సస్పెండ్ కూడా చెయ్యొచ్చు."

నాన్న స్కూటరు మళ్లీ రోడ్డు మీదికి లాగాడు. కిక్ కొట్టాడు.

గదిలో హెడ్డుగారు నా కాగితాన్ని బల్ల మీద తాజ్‌మహల్ పటంలా నిలబెట్టుకుని కూర్చున్నారు. మేడమ్ కిటికీ దగ్గర నిలబడ్డారు. "ఇందులో రాసింది నిజమేనా?" అని హెడ్డుగారు హిందీలో అడిగారు. నాన్న నా వైపు చూశాడు.

"సచ్ హై సర్." నిజమేనన్నాడు.

నా గుండె క్రేన్ నుంచి జారిన బకెట్లా కిందికి పోయింది. అప్పుడు నాన్న తెల్లచొక్కా సర్దుకుని మళ్లీ అందుకున్నాడు. "కానీ సర్, ఆ మూడు రోజులూ నాకు మంచే జరిగింది. పొట్ట తగ్గింది. ఇప్పుడు ఆయాసం లేకుండా క్రేన్ మెట్లెక్కుతున్నాను. ఈ పుస్తకం మా కార్ఖానాలో అందరికీ ఒక్కొక్కటి ఇప్పించండి." హెడ్డుగారి నోరు తెరుచుకుని మూసుకోవడం మరిచిపోయింది. మేడమ్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగారు. పుస్తకమూ నిలిచింది, ఆవిడా నిలిచారు.

పుట్టించింది ఎక్కడుందో చూపిస్తానన్నాను. పుస్తకం లావు, సైకిలు మీద సముద్రం, ఇవన్నీ పెంచినవే తప్ప పుట్టించినవి కావు. "సచ్ హై సర్" తర్వాత నాన్న మాట్లాడిందీ, దాని వెనక జరిగిందీ అంతా నేను పుట్టించింది. పెళ్లిళ్లలో, టాటానగర్ నుంచి దిగొచ్చే రైళ్లలో ఎన్నేళ్లుగానో చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ నాన్న ఇంకో వాక్యం ఎక్కువ మాట్లాడతాడు.

ఆ రోజు ఆయన ఆ మూడు మాటలే అన్నాడు. హెడ్డుగారు "ఠీక్ హై" అని కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. మేడమ్ నాన్న దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, క్షమించమన్నారు. నేను వాళ్లిద్దరి మధ్య నిలబడి ఉన్నాను. నా నోరు నా దగ్గరే ఉంది.

బయటికొచ్చాక నాన్న, "నీకేటీ అవదులే" అన్నాడు. మధ్యాహ్నం బీ షిఫ్టుకి టైమవుతోందని వెళ్లిపోయాడు.

జూలైలో కాలేజీ తెరిచాక మా జూనియర్ల చేతుల్లో హెడ్డుగారి నోట్సు కనిపించింది. స్టాఫ్‌రూములో ఆవిడ కూర్చునే కుర్చీలో ఇంకెవరో ఉన్నారు.