వీధికంతటికీ ఒక్క ముక్కు

మా అత్తయ్యకు ఒకటే జబ్బు. ముక్కుకు తగిలిన ప్రతి వాసననూ అప్పటికప్పుడు, వీధి చివరిదాకా వినబడేలా చాటాలి.

ఒకసారి ల్యాబు లిఫ్టులో వాళ్ళ డైరెక్టరు గారినే పట్టుకుని, "చొక్కా ఆరకుండానే తొడుక్కొచ్చారే!" అనేసింది. ఆరో అంతస్తుకు వెళ్ళాల్సిన మనిషి, పాపం, రెండో అంతస్తులోనే దిగిపోయాడు.

ఆమె ఉద్యోగమూ వాసనలతోనే. కొండల్లో పూసే గడ్డిపువ్వులకు ప్లాస్టిక్ సంచులు తొడిగి, లోపలి గాలిని చిన్న పంపుతో లాగి, ఏ పువ్వు ఏ రసాయనం వదులుతోందో తేలుస్తుంది. వాటిలో ఒక తెల్లపువ్వుకు ఘుమఘుమలాడే బాదం వాసన. దాని చెల్లెల్లాంటి మొక్కకు మాత్రం ఏ వాసనా లేదు.

"దానికిక తేనెటీగలతో పని లేదు. తన పుప్పొడితో తనే గింజ కట్టుకుంటుంది. చుట్టాలే రాని ఇంట్లో అత్తరెవరు చల్లుకుంటారు చెప్పు? వాసన తయారుచేసే జన్యువు ఒకటి చెడిపోయింది, చెడినా నష్టం లేక అలాగే ఉండిపోయింది" అంది నాతో ఓసారి.

ఆ తేడాను ల్యాబులోని యంత్రం కంటే ముందు పసిగట్టింది అత్తయ్య ముక్కే. మా వంశంలో ముక్కువల్ల పేరు రావడం అదే మొదలు. అంతకుముందు అందరికీ వచ్చింది జలుబే.

ల్యాబుకు ఎదురుగానే మావయ్య బేకరీ. అందులో అమ్మకాలు నేను చూస్తాను. రోజూ ల్యాబు కిటికీలోంచి కేకలే. "ఏమండీ! ఆ వెన్న పాతబడింది, పారెయ్యండి!" "ఏమండీ! రొట్టె అయింది, తియ్యండి!" మావయ్య కిక్కురుమనకుండా తీసేవారు. పెళ్ళానికి భయపడి చస్తున్నాడని కొనేవాళ్ళంతా జాలిపడేవారు.

అత్తయ్య తను కనిపెట్టిన జన్యువు సంగతి అందరి ముందూ చెప్పే రోజు వచ్చింది. ల్యాబు హాలు కిటకిటలాడింది. వచ్చినవాళ్ళకు పెట్టే బాదం బిస్కెట్లు మావయ్యవే, ఎదురుగా బేకరీలో ఇంకా కాలుతున్నాయి. "మా అత్తయ్య" అని నేను అడగనివాళ్ళకు కూడా చెబుతున్నాను.

"ఈ పువ్వులో చెడిన జన్యువు..." అంటూ ఆగి, ముక్కెగరేసి, ఒక్క పరుగున బేకరీ వైపు కిటికీ దగ్గరికి వెళ్ళింది అత్తయ్య.

"ఏమండీ! మాడుతున్నాయి, తియ్యండీ!"

హాలంతా గొల్లుమంది. "మొగుణ్ణి బిస్కెట్లు కూడా కాల్చుకోనివ్వదు!" అన్నారు డైరెక్టరు గారు. నాకు తల కొట్టేసినట్టయింది. అత్తయ్య మాత్రం ఏమీ జరగనట్టు వచ్చి మళ్ళీ జన్యువునే అందుకుంది.

అంతలో పళ్ళెంతో వచ్చిన మావయ్య గుమ్మంలోనే ఆగిపోయారు.

"నవ్వకండి. ఆమధ్య జ్వరమొచ్చి నా ముక్కు పోయింది. వాసన తెలీనివాడి బేకరీకి ఎవరొస్తారు? మూసేద్దామన్నాను. 'మీరు కాల్చండి, నేను అరుస్తా. నాకు పిచ్చనుకుని నవ్వుకుంటారు గానీ మీ వైపు చూడరు' అంది మా ఆవిడ. అనుమానం రాకూడదని కనబడ్డవాళ్ళ చొక్కాల మీద కూడా అరిచింది. ఇక మీరు కొన్నా సరే, మానినా సరే. ఆవిణ్ణి చూసి మాత్రం నవ్వకండి."

ఇక బేకరీ గతి ఏమిటా అనుకున్నాను. ముందు డైరెక్టరు గారే లేచారు. ఓ బిస్కెట్టు కొరికి, "రేపట్నించి మా ఇంటికి రొట్టె మీ దగ్గరే" అన్నారు మావయ్యతో. తర్వాత అత్తయ్యకేసి తిరిగి, "ఇవాళ నా చొక్కా ఆరిందామ్మా?" అనడిగారు.

"చొక్కా ఆరిందండీ" అంది అత్తయ్య. "మేజోళ్ళే..."

ఈసారి ఆయన పారిపోలేదు. ఇంకో బిస్కెట్టు తీసుకున్నారు.