పాచి బండ

పెళ్ళై రాయపూర్ రైల్వే క్వార్టర్లలో కాపురానికి వచ్చిన కొత్తలో, ఒకరోజు పక్కింటావిడ గోడ మీదుగా చెయ్యి చాపి, "దీదీ, థోరకన్ రాయీ దే తో" అంది. నాకు అప్పటికి హిందీయే సరిగ్గా రాదు. ఆవిడ మాట్లాడేదేమో ఛత్తీస్‌గఢీ. అయినా "రాయి" అన్న మాట మాత్రం స్పష్టంగా వినపడింది. పాపం, మేకు కొట్టుకోవడానికో అల్లం దంచుకోవడానికో కాబోలనుకుని, కిటికీలో పేర్చుకున్న వాటిలోంచి నున్నటి గుండ్రాయి ఒకటి తీసి, కడిగి మరీ చేతిలో పెట్టాను. ఆవిడ రాయి వంక చూసింది, నా వంక చూసింది, రాయి పట్టుకునే లోపలికి పరుగెత్తింది. పొయ్యి మీద పోపు నూనె పొగలు కక్కుతోందట.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి సంగతి విని పడీ పడీ నవ్వారు. "రాయీ అంటే ఇక్కడ ఆవాలే పిచ్చిదానా! ఆవాలడిగితే బండరాయి ఇచ్చీసేవా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరి పేరులోనే రాయి పెట్టుకున్నవాళ్ళు ఆవాలను రాయి అనడమేమిటి? అది నా తప్పా? కానీ ఆ రోజు నుంచి కాలనీ మొత్తానికి నేను పత్థర్‌వాలీ దీదీని, అంటే రాళ్ళక్కని అయిపోయాను. ఆ గుండ్రాయిని మాత్రం ఆవిడ తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

అసలు ఆ రాళ్ళు నా కిటికీలోకి ఎందుకు వచ్చాయంటారా? మాది భీమిలి. మా పెరటి గోడ అవతల ఇసుక, ఇసుక అవతల సముద్రం. ఆ హోరు వింటూ నిద్రపోయినదాన్ని తీసుకొచ్చి, ఎటు చూసినా నేలే తప్ప నీళ్ళు కనపడని ఊళ్ళో దింపారు. బెంగ పెట్టుకున్నాను. చూడలేక మా ఆయన ఒక ఆదివారం సైకిల్ మీద ఖారూన్ నది ఒడ్డుకు తీసుకెళ్ళారు. నీళ్ళు చూడగానే అలవాటు కొద్దీ గవ్వల కోసం వెతికాను. గవ్వలు లేవు. రాళ్ళున్నాయి, కుండపెంకులున్నాయి. ఉత్త చేతులతో రావడం ఇష్టం లేక కొంగులో కొన్ని మూట కట్టుకుని వచ్చాను. వ్యవహారం అలా మొదలైంది.

తర్వాత రైల్వే లైబ్రరీలో హిందీ పుస్తకం ఒకటి దొరికింది. పాత వస్తువులను గుర్తుపట్టడమెలాగో అందులో బొమ్మలతో ఉంది. దాన్ని చదవడానికే నేను హిందీ నేర్చుకున్నానంటే అబద్ధం కాదు. పాత కుండపెంకు తడిస్తే వానమట్టి వాసన వేస్తుంది. గట్టిగా కాలిన పెంకును తడితే ఖణేల్‌మంటుంది. రాయిగా మారిన ఎముకను నాలుకకు ఆనిస్తే అంటుకుంటుంది. ఇవన్నీ తెలిశాక ఊరుకుంటానా? మందిర్ హసౌద్‌లో పెళ్ళికి పిలిచినా, బీర్‌గావ్‌లో పరామర్శకు వెళ్ళినా, తిరిగొచ్చేటప్పుడు నా సంచీ బరువెక్కేది. రాళ్ళు కిటికీలోంచి వంటింటి గట్టుకూ, గట్టు మీంచి పెరట్లో జామచెట్టు కిందికీ పాకాయి.

నాలుక పరీక్ష కొంప ముంచింది. నేను జామచెట్టు కింద కూర్చుని మట్టిబెడ్డ లాంటిదేదో నాకుతుండగా పక్కింటి దీదీ చూసింది. కడుపుతో ఉన్నవాళ్ళకు మట్టి తినాలనిపిస్తుంది కదా, ఆవిడకు విషయం అర్థమైపోయింది. సాయంత్రానికల్లా పచ్చి చింతకాయలు, బెల్లం, ఒక డబ్బా లడ్డూలు వచ్చాయి. నలుగురు ఆడవాళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకుని జాగ్రత్తలు చెప్పారు. మా అత్తగారికి ఎవరు కబురు చేశారో ఇప్పటికీ తెలీదు. నిజంగా నెల తప్పడానికి ఇంకో ఏడాది పట్టింది, అప్పుడేమో ఒక్కరూ నమ్మలేదు.

అలా పిల్లలు పుట్టి, పెరిగి, బడికి పోయే వయసొచ్చింది. రాళ్ళగుట్ట కూడా వాళ్ళతోపాటే పెరిగింది. గుఢియారీలో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టాం. అప్పుడు వచ్చింది అసలు గొడవ. పునాది గోడలు లేచాక, గదుల అడుగున నింపడానికి రాళ్ళూ పెంకులూ కావాలన్నాడు మేస్త్రీ. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు మలబా. మా ఆయన ఇంటికొచ్చి జామచెట్టు వైపు చూశారు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"మలబా బయట ఎందుకు కొనడం, మన పెరట్లోనే ట్రాలీడు ఉంది" అన్నారు.

"నా రాళ్ళు మలబా ఏటండీ?" అని ఒంటికాలి మీద లేచాను.

"కాకపోతే ఏటే అవి? వరహాలా? ఇది ఇల్లనుకున్నావా, కంకర అమ్మే గిట్టీ డిపో అనుకున్నావా? కొత్తింట్లోకి ఒక్క రాయి తెచ్చినా నేనొప్పుకోను."

రెండు రోజులు మాటల్లేవు. వంట చేశాను గానీ వడ్డించలేదు. మూడో రోజు ఆయనే రాజీకి వచ్చారు. పిల్లలకు లెక్కలు చెప్పే మాస్టారికి తెలిసినాయన ఒకరు ఇక్కడి కాలేజీలో రాళ్ళ గురించి పాఠం చెబుతారట. ఆయన్ని పిలుద్దాం, ఆయన అసలైనదన్నది ఉంటుంది, కాదన్నది పునాదిలోకి పోతుంది. ఆయన మాటే ఆఖరు. నేను సరేనన్నాను. సగమైనా గెలుస్తానని నా నమ్మకం. లోపల ఇంకో ఆశ కూడా ఉంది. ఇన్నేళ్ళూ నేను ఏరినవాటిలో ఒక్కటంటే ఒక్కటైనా నిజమని తేలితే, నేను పిచ్చిదాన్ని కాదని తేలిపోతుంది కదా.

ఆదివారం ఉదయం ఆ పెద్దాయన వచ్చారు. బట్టతల, జేబులో భూతద్దం, నెమ్మదైన మాట. జామచెట్టు కింద చాప వేసి ఒక్కొక్కటే ఆయన చేతికిచ్చాను. మా ఆయన చాప కొసన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నవాడిలా ముఖం పెట్టారు.

ముందుగా వేళ్ళ గీతలున్న ఎర్రపెంకు ఇచ్చాను. నా లెక్కలో అది ఏదో రాజు కాలంది. ఆయన వెనక్కి తిప్పి చూసి, "బెహన్‌జీ, ఇది ఇంటికప్పు పెంకు. అదిగో, మీ వెనక ఇంటి మీద ఇవే ఉన్నాయి" అన్నారు. తలెత్తి చూశాను. ఉన్నాయి. ఒక వరసలో ఒకటి తక్కువ కూడా ఉంది.

రాతిగొడ్డలి ఇచ్చాను. "ఇది రైలు పట్టాల కింద పోసే కంకర" అన్నారు. మా ఆయనకు పట్టరాని సంతోషం. "అరెరే, మా డిపార్టుమెంటు సొత్తు! పోలీసులొస్తే నాకేం తెలీదని చెప్తాను సుమీ" అన్నారు. బీర్‌గావ్ దారిలో దొరికిన బుడగల రాయి ఆకాశం నుంచి పడిందని నేను పిల్లలకు చెప్పి ఉన్నాను. అది ఫ్యాక్టరీలో ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెమట. నీలిరంగు మెరుపున్న ముక్క ఊరగాయ జాడీ మూతట. ఇక మిగిలింది నా ప్రాణంలో ప్రాణం, రాక్షసబల్లి పన్ను. నాలుకకు అంటుకుంది కూడా. పెద్దాయన దాన్ని భూతద్దంతో చూసి, మొహమాటపడి, చివరికి "గేదెది" అన్నారు. "ముసలి గేదె" అని కూడా అన్నారు, అదేదో నాకు ఓదార్పన్నట్టు.

ఒక్క నల్లపెంకు దగ్గర మాత్రం ఆగారు. అంచున కుమ్మరి బొటనవేలు నొక్కిన గుర్తుంది. "ఇది పాతది కావచ్చు. ఎక్కడ దొరికింది? ఎంత లోతులో?" అని అడిగారు. నది ఒడ్డున అన్నాను. ఏ ఒడ్డున, పైనా, మట్టిలో కూరుకునా? గుర్తులేదు. "చోటు తెలియకుండా దీని వయసు చెప్పలేం బెహన్‌జీ. తీసిన చోటే దాని చిరునామా" అన్నారు మెల్లగా. మా ఆయన వెంటనే, "తెలీదంటే ఫెయిలే" అన్నారు. ఏడుపొచ్చింది. టీ తెస్తానని లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

టీ గ్లాసులతో వచ్చేసరికి పెద్దాయన చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఒక బండ పరిచి ఉంది. దాని కథ కొంచెం చెప్పాలి. కొత్తింటి నేలకని మా ఆయన ఈ ప్రాంతపు బండలు కొని, సైటులో దొంగలు పడతారని క్వార్టర్ పెరట్లో దింపించారు. అందులో ఒకదాని నిండా గుండ్రటి మచ్చలు, అచ్చం నీళ్ళతొట్టిలో పాచి పట్టినట్టు. చూస్తేనే కాలు జారేలా ఉంది. ఆ పాచి బండ నా వంటింట్లో వద్దంటే వద్దని, షాపువాడికి తిప్పి పంపమని నేనే పేచీ పెట్టాను. బండి కిరాయి దండగని ఆయన దాన్ని కుళాయి కింద వేశారు. ఆ మచ్చలు నా కళ్ళలో పొడుస్తుండేవి. ఇత్తడి గిన్నెలు తోమిన చింతపండు పిప్పితో రోజూ ఆ బండను కూడా కసిదీరా తోమేదాన్ని. పాచి పోలేదు సరికదా, వలయాలు వలయాలుగా ఇంకా తేలింది.

పెద్దాయన చేతులు కడుక్కోవడం మానేసి ఆ బండ ముందు గొంతుక్కూర్చున్నారు. చెంబుతో నీళ్ళు పోశారు. భూతద్దం తీశారు. మళ్ళీ నీళ్ళు పోశారు. "ఈ బండ ఎవరు తెచ్చారు?" అన్నారు వెనక్కి తిరక్కుండానే.

మా ఆయన భయపడ్డారు. "నేను కాదండీ, షాపువాడు అంటగట్టేశాడు. రేపే వాపస్ పంపేస్తాను" అన్నారు.

"పంపకండి! కోట్ల ఏళ్ళనాటిది ఇది. చెట్టూ చేపా పుట్టకముందుది."

"అంటే, బోలెడు బండల్లోంచి నేనే ఏరి తెచ్చానండీ దీన్ని" అన్నారు మా ఆయన, ఊపిరి కూడా తీసుకోకుండా.

అసలు ఈ మచ్చలేమిటని అడిగాను. పెద్దాయన నవ్వి, హిందీలో నాకర్థమయ్యేలా చెప్పారు. ఈ నేలంతా ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. ఆ నీళ్ళలో జిగురు జిగురుగా పాచి పెరిగేది. దాని మీద సున్నపు మట్టి పేరుకునేది, దాని మీద మళ్ళీ పాచి. అలా పొర మీద పొర రాయైపోయింది. పులుపు తగిలి పైపొర అరగడం వల్ల వలయాలు ఇంత బాగా కనపడుతున్నాయట. "ఎవరో చాలా శ్రద్ధగా శుభ్రం చేశారు" అన్నారు.

పాచి అంటే నిజంగా పాచే! నేను వద్దని పోరినది, చింతపండు పెట్టి వదిలించాలని చూసినది, అదీ సముద్రపు పాచి! నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. చేతిలో టీ చల్లారిపోతున్నా అలాగే నిలబడిపోయాను. నేను సముద్రం కోసం బెంగపడి ఏరినవన్నీ కంకరా, గేదె పళ్ళూ. సముద్రమేమో కుళాయి కింద పడి నా చేత తిట్లు తింటోంది.

బండ ఎవరిదన్న దాని మీద ఆ రాత్రి మళ్ళీ యుద్ధం. "కొన్నది నేను" అన్నారాయన. "తోమింది నేను" అన్నాను. వీధి వరండాలో, నలుగురికీ కనపడేలా పరచాలని తేలింది. నా గుట్ట సంగతి మాత్రం మాట ప్రకారమే జరిగింది. కూలీ ఆడవాళ్ళు తట్టలకెత్తి పునాదిలో పోస్తుంటే నేను అక్కడే నిలబడ్డాను. ఖణేల్, ఖణేల్‌మని పడుతుంటే ఒక్కొక్క శబ్దానికీ అది ఏదో గుర్తుపట్టాను. జామచెట్టు కింద ఖాళీ చూస్తే బాధేసింది, చాలా బాధేసింది. మా ఆయన రెండు మూడుసార్లు పలకరించబోయారు, నేను పలకలేదు.

గృహప్రవేశం రోజున పక్కింటి దీదీ ఒక పొట్లం తెచ్చింది. విప్పితే ఆవాలు. ఆవాల మధ్యలో నా గుండ్రాయి! అన్నేళ్ళూ వెల్లుల్లి దంచీ దంచీ ఒక వైపు పసుపు రంగుకు తిరిగింది. "అప్పు తీర్చేశాను దీదీ, ఈ రాయీ, ఆ రాయీ" అంది. మా ఆయన వైపు చూశాను. కొత్తింట్లోకి ఒక్క రాయి తేకూడదన్నది ఆయన షరతు. ఆయన ఆ గుండ్రాయిని తీసుకెళ్ళి వంటింటి కిటికీలో పెట్టారు. అప్పటికి గానీ నా కోపం దిగలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఆయన రిటైరయ్యారు. మా బావగారు భీమిలి నుంచి ఫోన్ చేశారు. ఇల్లు అమ్మీసి వచ్చీండి, సముద్రపు గాలికి ఆరోగ్యం బాగుంటుంది, ఇంకా అక్కడ ఎవరున్నారని ఉంటారు అని. ఆయన రెండు రోజులు ఆలోచించి, వరండాలో బండ మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుని నన్ను పిలిచారు.

"ఏటంటావు? సముద్రం సముద్రమని ఏడ్చేదానివి కదా, వెళ్ళిపోదామా?"

"నాకేం, వస్తాను. ముందు నేల తవ్వించి నా రాళ్ళన్నీ లారీకెక్కించండి" అన్నాను. ఈ ఇల్లు నాది అని ఆయన అన్నప్పుడల్లా, అది నా రాళ్ళ మీద నిలబడి ఉందని నేను అంటూనే ఉన్నాను. ఆ దెప్పుడు మాకు అలవాటే. కానీ ఈసారి ఆయన నవ్వలేదు. కాలితో బండ మీది వలయాలను మెల్లగా నిమురుతూ కూర్చున్నారు.

"ఎందుకే వెళ్ళడం" అన్నారు. "సముద్రం ఇక్కడే ఉండేదన్నారు కదా ఆ పెద్దాయన. మనమే కాస్త ఆలస్యంగా వచ్చాం."

నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. ఆయన లేచి బావగారికి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్ళారు. నేను బండ తోమడానికి చింతపండు నానబెట్టాను.