చివరి ఖాళీ సంచి

మా బాపుకు గొంతులో పుండు. ఆపరేషన్ తప్పదని, ఆ తర్వాత మాట ఉండదని డాక్టర్లు తేల్చేశారు. దవాఖానకు బయలుదేరే ముందురోజు, తరిగొప్పులలోని మా ఇంటి అరుగు మీద ఆయన ముందు చిన్న రికార్డర్ పెట్టాను. దాన్ని తయారు చేసిందీ నేనే, దాన్ని కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ ప్రోగ్రాం రాసిందీ నేనే. అంత బాధలోనూ ఆ గొప్ప ఒకటి నాకు.

"గీ డబ్బతోని ఏం మాట్లాడాలె కొడుకా?" అన్నాడు బాపు.

అక్కకో మాట, నాకో మాట చెప్పమన్నాను. నేనుంటే మొహమాటపడతాడని బయటికి వెళ్లాను.

సాయంత్రం యూఎస్‌బీ కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అక్క ఫైలు వచ్చింది. నాది చివరిదాకా వచ్చి ఆగిపోయింది, ఫైలుగా పడలేదు. మూడుసార్లు ప్రయత్నించినా అంతే. పాడైందనుకుని రికార్డర్ మొత్తం తుడిచేసి, మళ్లీ చెప్పమన్నాను. అప్పటికే ఆయనకు గొంతు పూడుకుపోయింది.

"పొద్దుగాల చెప్త తీయ్" అన్నాడు.

పొద్దున బండి, కాగితాలు, బట్టల హడావిడి. ఆయనకు గుర్తుందేమో, తనంతట ఆ మాట ఎత్తలేదు. నేనే మర్చిపోయాను.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు, మహబూబాబాద్‌లోని నా అద్దె గదిలో అదే డ్రైవర్‌ను తిరగేస్తుంటే తప్పు దొరికింది. యూఎస్‌బీలో సమాచారం ఒకే కొలత సంచుల్లో వచ్చినట్టు వస్తుంది. వెలితి సంచి వచ్చిందంటే సరుకు అయిపోయినట్టు. చివరి సంచి కూడా నిండుగా ఉంటే, దాని వెనక ఒక ఖాళీ సంచి పంపాలి. అది పంపమని రికార్డర్‌కు నేను రాయలేదు. బాపు మాటలు సరిగ్గా నిండు సంచితో ముగిశాయి. అంటే, ఆయన చెప్పిందంతా వచ్చేసింది. నా డ్రైవరే ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంది. చేతికందినదాన్ని నా చేతులతోనే పారేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఊరెళ్లి బాపుకు చెప్పాను. ఆయన పలక తీసుకుని రాశాడు: "అక్కది విను. నీకు గూడ గదే చెప్పిన."

విన్నాను. పొలం అమ్మొద్దన్నాడు, అమ్మను కసురుకోవద్దన్నాడు, వేళకింత తినమన్నాడు. నాకూ అవే చెప్పి ఉంటాడు, నమ్ముతాను. కానీ ప్రతి మాటకూ ముందు "బిడ్డా" అని ఉంది. అది అక్కను పిలిచే పిలుపు. నన్నెప్పుడూ "కొడుకా" అనేవాడు. ఎన్నిసార్లు విన్నా, అందులో ఆ ఒక్క పిలుపు లేదు.